బయానా ఎవరివ్వాలి?



శంషాబాద్ దాటి బెంగళూరు హైవే మీద షాద్‌నగర్ వైపు పోతుంటే కొత్తూరు వస్తుంది. పగటిపూట చూస్తే అది కంపెనీల ఊరు. షిఫ్టు బస్సులు, లారీలు, టిఫిన్ డబ్బాలు పట్టుకుని గేట్ల వైపు నడిచే మనుషులు. చీకటిపడితే మాత్రం అదే రోడ్డు పొడవునా పాటలే. ఇటు శంషాబాద్ దాకా వరసగా ఫంక్షన్ హాళ్ళు, ఫామ్‌హౌస్‌లు. పెళ్ళిళ్ళ సీజన్లో ఒక హాలు పాట ఆగకముందే పక్క హాలు పాట వినపడుతుంది. ఇన్ముల్‌నర్వలో జహంగీర్ పీర్ దర్గా ఉంది, అందరం జేపీ దర్గా అనే అంటాం, అక్కడ ఉర్సుకు ఖవ్వాలీలు. బోనాలకు డప్పులు, బతుకమ్మకు ఆడవాళ్ళ పాటలు, కార్తీకం వస్తే అయ్యప్ప భజనలు. ఇక్కడి పిల్లలకు పాట కొత్తది కాదు. చేతిలో ఫోను, ఆ ఫోనుకు వచ్చే కాల్ కొత్తవి.

మన దిక్కు పెళ్ళికి డప్పు జట్టును పిలవాలంటే ముందు బయానా ఇవ్వాలి. ఐదొందలో వెయ్యో చేతిలో పెడితేనే ఆ తారీఖు మీది. బ్యాండుమేళానికీ అంతే, బాగోతం ఆడే జట్టుకూ అంతే. హరికథ చెప్పే ఆయనకైతే తాంబూలంలో పెట్టి ఇచ్చేవాళ్ళు. బడి మొహం చూడని మేళగాడికి కూడా ఈ లెక్క తెలుసు: పిలిచినవాడు ఇస్తాడు, వాయించేవాడు తీసుకుంటాడు. ఇప్పుడు ఆ డప్పు కొట్టే ఆయన కొడుకు డిగ్రీ చదివాడు. ఫోనులో పాట పాడి పెడితే నలుగురు మెచ్చుకున్నారు. ఎవరో ముక్కూమొహం తెలియనివాడు ఫోన్ చేసి, "నీకు ఛాన్స్ ఇస్తం, ముందుగాల నువ్వు కట్టాలె" అనగానే గూగుల్ పే తెరుస్తున్నాడు. తండ్రికి తెలిసిన లెక్క కొడుకు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు తలకిందులైంది? ఇవాళ మీతో మాట్లాడాలనుకున్నది దాని గురించే.

ఒక కుర్రాడిని ఊహించుకుందాం. పెంజర్ల వైపు ఏదో కంపెనీలో పని, మధ్యాహ్నం షిఫ్టు. ఇన్‌స్టాగ్రామ్‌లో తన పాటల రీల్స్ పెడతాడు. ఒకరోజు మెసేజ్ వస్తుంది. "తమ్మీ, నీ రీల్ చూసినం. గొంతు మస్తుంది. మా మ్యూజిక్ డైరెక్టర్ సార్ నిన్నే అడుగుతున్నరు." కింద ఒక ప్రొడక్షన్ సంస్థ పేరు, లోగో, ఏదో కార్యక్రమంలో పేరున్న గాయకుడి పక్కన నిలబడి దిగిన ఫొటో. రిజిస్ట్రేషన్‌కు రెండు వేలు, అదీ తిరిగొచ్చేదేనట. కడతాడు. తర్వాత వాయిస్ టెస్టు అంటూ హైదరాబాదు కృష్ణానగర్‌లో ఒక మేడ మీది గదికి పిలుస్తారు. అక్కడ నిజంగానే మైకు ఉంటుంది, అద్దం అవతల సిస్టమ్ ముందు ఒక మనిషి ఉంటాడు. కుర్రాడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదటిసారి తన గొంతు తాను శుభ్రంగా వింటాడు. ఆ క్షణం తర్వాత అతనికి అబద్ధం చెప్పాల్సిన పని కూడా పెద్దగా ఉండదు, తనకు తానే చెప్పుకుంటాడు. ఆర్టిస్టు కార్డు అంటారు, దానికి కొంత. ట్రాక్ రెడీ అయింది, మిక్సింగుకు కొంత. ప్రొడ్యూసర్ సంతకం అయిపోయింది, జీఎస్టీ కడితే అగ్రిమెంటు చేతికొస్తుంది. ఈలోగా ఇంట్లో అమ్మ కమ్మలు కుదువ దుకాణానికి చేరి ఉంటాయి.

ఈ పనిలో చేయి తిరిగినవాడు మొదటే యాభై వేలు అడగడు. యాభై వేలు కావాలంటే కుర్రాడు తండ్రిని అడగాలి, తండ్రి పదిమందిని అడుగుతాడు, అందులో ఒక్కడైనా "ఎవడ్రా వాడు?" అంటాడు. రెండు వేలకు ఎవరినీ అడగక్కర్లేదు. ఆ తర్వాత కట్టే ప్రతి వాయిదా ముందు కట్టినదాన్ని కాపాడుకోవడానికే. ఇక్కడ ఆపేస్తే ఇంతవరకు పోసింది పోయినట్టేనన్న భయం అతని చేత కట్టిస్తుంది.

ఇంకో సంగతి ఉంది. సినిమా పాట తయారయ్యే పద్ధతిలోనే మోసగాడికి మంచి చాటు దొరుకుతుంది. సంగీత దర్శకుడు బాణీ కట్టాక ముందు ఒక ట్రాక్ సింగర్ చేత పాడిస్తాడు. దర్శకుడు విని సరేనన్నాక, పేరున్న గొంతుతో మళ్ళీ పాడించి, మొదటి గొంతు తీసేస్తారు. ఇది దొంగతనం కాదు, పరిశ్రమలో మామూలు. ట్రాకులు పాడుతూనే పైకి వచ్చిన గాయకులు ఎందరో. ఒక్కోసారి ట్రాక్ గొంతే నచ్చి ఉంచేస్తారు కూడా. అందుకే మన కుర్రాడి పాట సినిమాలో వినపడకపోతే, "పెద్ద సింగర్‌తో పాడించేసిండ్రు తమ్మీ, హీరో సైడ్ నుంచి ప్రెషర్" అంటే చాలు. అది మోసమో ఆనవాయితీయో బయటివాడు ఎలా తేలుస్తాడు? అసలు సినిమా ఉందో లేదో కూడా తేల్చలేడు. మొదలై ఆగిపోయే సినిమాలు మనకు తక్కువా?

పేరున్నవాళ్ళ పేర్లు అరువు తెచ్చుకోవడం ఇంకో పద్ధతి. 2020లో గాయని సునీత స్వయంగా వీడియో పెట్టి జనాన్ని హెచ్చరించవలసి వచ్చింది. తన మేనల్లుడినని చెప్పుకుంటూ ఒక కుర్రవాడు డబ్బులు వసూలు చేస్తున్నాడనీ, అలాంటి బంధువు తనకు లేడనీ ఆమె చెప్పారు. ఇక లోపలివాళ్ళకు అన్నీ తెలుస్తాయి, బయటి అమాయకులే పడిపోతారు అనుకునేవాళ్ళు వెంకీ కుడుముల సంగతి గుర్తు చేసుకోవాలి. ఆయన 2020లో 'భీష్మ' వంటి హిట్టు తీసిన దర్శకుడు. మరుసటి ఏడాది ఎవరో ఫోన్ చేసి, మీ సినిమాను అంతర్జాతీయ చిత్రోత్సవానికి నామినేట్ చేస్తున్నాం, విభాగానికి ఇంత కట్టాలి అన్నారు. అరవై వేల పైచిలుకు కట్టారు, ఆ తర్వాత పోలీసులకు ఫిర్యాదు చేశారు. ఒక దర్శకుడికే ఇలా జరిగితే, షిఫ్టు దిగి రీల్ చేసుకునే కుర్రాడిని తెలివితక్కువవాడని తిట్టే హక్కు మనకెక్కడిది? చాన్నాళ్ళుగా ఎదురుచూస్తున్న మాట చెవిన పడితే ఎవరి బుద్ధి అయినా కాసేపు పక్కకు తప్పుకుంటుంది.

ఇదంతా ఇంటర్నెట్ వచ్చాక పుట్టిన జబ్బు అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. అమెరికాలో ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే పత్రికల వెనక పేజీల్లో ప్రకటనలు వచ్చేవి: కవితలు కావాలి, పాటలుగా మారుస్తాం. ఇంట్లో కూర్చుని నాలుగు చరణాలు రాసుకున్న ఇల్లాలో, పల్లెటూరి రైతో పంపిస్తే, వెంటనే జవాబు: మీ కవిత అద్భుతం, దీనికి బాణీ కట్టి ముద్రించడానికి ఇన్ని డాలర్లు. పంపిన ప్రతి కవితా అద్భుతమే. రికార్డులు వచ్చాక, స్టూడియోలో కూలికి పాడే గాయకులు ముందొకసారి చూసుకోవడానికి కూడా తీరిక లేకుండా పాట వెంట పాట పాడేసేవారు. ఆ రికార్డు ఇంటికి పోస్టులో వచ్చేది. దుకాణంలో మాత్రం ఎక్కడా కనపడేది కాదు. వీళ్ళను అక్కడివాళ్ళు సాంగ్ షార్కులు అన్నారు, పాటల సొరచేపలన్నమాట. ఆ వ్యాపారం దశాబ్దాల పాటు సాగింది. అన్నేళ్ళు ఎలా సాగిందంటే, వాళ్ళు డబ్బు తీసుకుని పారిపోయేవాళ్ళు కాదు. చెప్పిన వస్తువు ఇచ్చేవాళ్ళు. రికార్డు ఇచ్చాం కదా, అది హిట్టవుతుందని రాసిచ్చామా అనేవాళ్ళు.

పాట వినేవాళ్ళ దగ్గర డబ్బు సంపాదించే వ్యాపారం ఒకటుంది. పాడాలని ఆశపడేవాళ్ళ దగ్గర డబ్బు సంపాదించే వ్యాపారం ఇంకొకటుంది. రెండిటికీ బయట ఒకేలాంటి బోర్డు, లోపల ఒకేలాంటి మైకు. మొదటిదానికి గాయకుడు పనివాడు, అతనికి కూలి ఇవ్వాలి. రెండోదానికి గాయకుడే గిరాకీ. తను ఏ దుకాణంలో నిలబడ్డాడో కుర్రాడికి తెలియకపోవడమే రెండో వ్యాపారానికి పెట్టుబడి.

హైదరాబాదులో జరిగే కొన్ని సన్మానాలు కూడా ఈ రెండో దుకాణంలోవే. పేరున్న సభామందిరం పేరు కార్డు మీద వేస్తారు. రవీంద్రభారతి కానివ్వండి, చిక్కడపల్లి త్యాగరాయ గానసభ కానివ్వండి, ఎంతో గొప్పవాళ్ళు పాడిన వేదికలు, అందులో సందేహం లేదు. కాని అవి అద్దెకు దొరికే హాళ్ళు. అద్దె కట్టి తేదీ బుక్ చేసుకుంటే ఎవరైనా కార్యక్రమం పెట్టుకోవచ్చు. ఆ వేదిక మీద మీకు బిరుదు ఇస్తున్నారంటే నిర్వాహకులు హాలు అద్దె కట్టారని మాత్రమే అర్థం. ఆ అద్దె, శాలువా ఖర్చు, ముఖ్య అతిథి కారు ఖర్చు అన్నీ బిరుదులు తీసుకునే నలభై మంది దగ్గర ముందే వసూలై ఉంటాయి. పాటల పోటీ అయితే ఇంకో తిరకాసు: పాడాలంటే ఇరవై పాసులు నువ్వే అమ్మిపెట్టాలి. అమ్మానాన్నా, మేనమామలూ కొని ముందు వరసలో కూర్చుంటారు. పాడినవాడికి చప్పట్లు, పెట్టినవాడికి టిక్కెట్ల డబ్బు. దీన్ని మోసం అనడానికి చట్టంలో ఏమీ దొరకదు, సర్టిఫికెట్ ఇచ్చారుగా మరి.

పాత రోజుల్లో తలుపులు ఎలా తెరుచుకునేవో ఒక్క ఉదాహరణ. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం మద్రాసులో ఇంజనీరింగు కోర్సు చదువుకుంటూ తెలుగువాళ్ళు పెట్టే పాటల పోటీల్లో పాడేవారు. అక్కడ ఆయన పాట విన్న సంగీత దర్శకుడు ఎస్.పి. కోదండపాణి తానుగా పిలిచి సినిమాలో పాడిస్తానన్నారు. అయినా వెంటనే కాలేదు, కొన్నేళ్ళు పట్టింది. 1966 డిసెంబరు 15న 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' కోసం మొదటి పాట రికార్డయింది. సినిమా 1967లో వచ్చింది. కోదండపాణి పోయాక బాలు తాను కట్టుకున్న రికార్డింగ్ థియేటరుకు ఆయన పేరే పెట్టుకున్నారు. ఈ కథలో పోటీ ఉంది, ఎదురుచూపు ఉంది, గురుభక్తి ఉంది. రిజిస్ట్రేషన్ ఫీజు లేదు. ఆ రోజులన్నీ బంగారమని చెప్పను. మద్రాసులో ఆకలికి ఓర్వలేక తిరుగు రైలెక్కినవాళ్ళ పేర్లు మనకు తెలియవు కదా. కాని వాళ్ళు పోగొట్టుకున్నది కాలం. అమ్మ కమ్మలు ఇంట్లోనే ఉండేవి.

ఇక్కడ ఎవరైనా నన్ను ఆపి అడగవచ్చు. డబ్బు కడితే మోసం అంటున్నారు సరే, ఆకాశవాణి ఆడిషన్‌కు కూడా రుసుము కట్టాలి కదా? కట్టాలి. కొద్దిపాటి రుసుము, దానికి రశీదు ఉంటుంది. అయితే ఆ డబ్బు పరీక్షకు కట్టేది, ఫలితానికి కాదు. అక్కడ అభ్యర్థి పేరు కాదు, నంబరు నడుస్తుంది. విన్న కమిటీకి నచ్చకపోతే తప్పించేస్తారు, మళ్ళీ వచ్చి పాడుకోమంటారు. నచ్చితే బి గ్రేడుతో మొదలు, ఆపైన బి హై, ఎ, టాప్ అని మెట్లు. గ్రేడు వచ్చి కార్యక్రమం ఇస్తే రేడియోనే ఆర్టిస్టుకు పారితోషికం ఇస్తుంది. ఫెయిల్ చేసే ధైర్యం ఉన్న పరీక్షకు ఫీజు కట్టడంలో తప్పులేదు. పంపిన ప్రతి గొంతూ అద్భుతమనే చోట రూపాయి కూడా పెట్టకూడదు.

అలాగే స్టూడియో అద్దె. మీ పాట మీరే రాసుకుని, మీరే గంటల లెక్కన స్టూడియో మాట్లాడుకుని, మిక్సింగ్ చేసినవాడికి కూలి ఇచ్చి, పాట ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లో ఇంటికి తెచ్చుకుంటే అది నిక్కమైన బేరం. కృష్ణానగర్, యూసుఫ్‌గూడ గల్లీల్లో అలా నిజాయితీగా బతికే సౌండ్ ఇంజనీర్లు చాలామంది ఉన్నారు, ఈ మాటలు వాళ్ళకు తగలకూడదు. వాళ్ళు అమ్మేది గంట సమయం. ఛాన్స్ అమ్మేవాడి దగ్గర మాత్రం అమ్మడానికి ఏమీ ఉండదు. ఎందుకంటే ఛాన్స్ అనేది సినిమా తీసేవాళ్ళ చేతిలో ఉంటుంది, వాళ్ళకు మంచి గొంతు అవసరం కాబట్టి వాళ్ళే డబ్బిస్తారు.

ఇంతవరకు చెప్పింది డబ్బు పోవడం గురించి. అసలు నష్టం అది కాదని నా అభిప్రాయం. రెండేళ్ళు ఓవర్‌టైమ్ చేస్తే ఆ డబ్బు తిరిగి వస్తుంది. పాట పోతే రాదు. పాట పోయేది కాగితం మీద.

స్టాంపు కాగితం మీద నాలుగు పేజీల ఇంగ్లీషు. కుర్రాడు చదవడు, చదవమనీ ఎవరూ అనరు. "అందరు సంతకం పెట్టిన్రు, ఇది ఫార్మాలిటీ." అందులో ఏముంటుందంటే, ఈ పాటకు సంబంధించిన సమస్త హక్కులూ, ప్రపంచమంతటా, ఎప్పటికీ, ఇప్పుడున్న మాధ్యమాల్లోనూ రేపు పుట్టబోయే మాధ్యమాల్లోనూ కంపెనీవే. అంత గట్టిగా ఎందుకు రాయించుకుంటారో తెలుసా? రాయకపోతే చట్టం కళాకారుడి పక్కన నిలబడుతుంది కాబట్టి. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. దాని 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదలాయింపు రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి, నోటిమాట చెల్లదు. ఎన్నేళ్ళకో రాయకపోతే 5 ఏళ్ళకే. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడకుండా మూలన పడేస్తే, వేరేగా రాసుకుని ఉంటే తప్ప, ఆ హక్కు వాడుకునే అధికారం పోయినట్టే.

2012లో ఈ చట్టానికి పెద్ద సవరణ వచ్చింది, ఆ ఏడాది జూన్ 21 నుంచి అమలైంది. పార్లమెంటు లోపలా బయటా దానికోసం గట్టిగా కొట్లాడినవారిలో కవి జావేద్ అఖ్తర్ ఒకరు. దానివల్ల వచ్చిన ముఖ్యమైన మాట ఇది: పాట రాసినవారు, బాణీ కట్టినవారు రాయల్టీలో తమ సమాన వాటాను వదులుకుంటున్నామని సంతకం పెట్టినా, ఆ వదులుకోవడం చెల్లదు. సినిమా పాటకైతే హాల్లో సినిమా ఆడించడం ఒక్కటి మినహాయింపు. విడి ఆల్బం పాటకూ ఈ రక్షణ ఉంది. ఆ వాటాను వారసులకు ఇవ్వవచ్చు, రాయల్టీ వసూలు చేసే సొసైటీకి అప్పగించవచ్చు, ఇంకెవరికీ కాదు. అలాంటి సొసైటీ ఐపీఆర్‌ఎస్, 1969లో పుట్టింది, పాటల రచయితలూ స్వరకర్తలూ అందులో సభ్యులు కావచ్చు. పాడినవారికి కూడా ప్రదర్శకుల హక్కు అని వేరుగా ఉంది. ఇవి తెలియని కుర్రాడికి, "కాపీరైట్ మేమే చేయించి పెడతం, పదివేలు" అనే బేరం కూడా పెడతారు. అసలు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, పాట పుట్టగానే హక్కు పుడుతుంది. చేయించుకోదలిస్తే బాణీకి ప్రభుత్వ రుసుము 500 రూపాయలు.

కాగితం సంగతి పెద్దవాళ్ళకే తెలియలేదంటే ఆశ్చర్యం వేస్తుంది. 2017లో బాలసుబ్రహ్మణ్యం యాభై ఏళ్ళ గానయాత్ర పేరుతో అమెరికాలో కచేరీలు చేస్తుంటే, తన పాటలు అనుమతి లేకుండా పాడకూడదని ఇళయరాజా తరఫున లాయరు నోటీసు వచ్చింది. ఈ చట్టం సంగతి తనకు తెలియదని బాలు బహిరంగంగానే చెప్పారు. అక్కడ మోసమేమీ లేదు, ఇద్దరు మహానుభావుల మధ్య వచ్చిన హక్కుల తగాదా. కాని యాభై ఏళ్ళు పాడినాయనకే తెలియని విషయం, మొన్న పాడటం మొదలుపెట్టినవాడికి తెలియాలని ఎవరు అంటారు?

తెలంగాణలో జానపదం పాడేవాళ్ళకు ఇంకో చిక్కు ఉంది. అమ్మమ్మ పాడగా నేర్చుకున్న పాట. ఆ పదాలకూ ఆ వరసకూ సొంతదారు ఎవరూ లేరు, ఊరంతా సొంతదారే. కుర్రాడు దాన్ని పాడి ఒక ఛానెల్‌కు ఇస్తాడు. ఛానెల్ దాన్ని డిస్ట్రిబ్యూటర్ ద్వారా యూట్యూబ్ కంటెంట్ ఐడీలో, అంటే ఎవరి పాట ఎక్కడ వాడారో పట్టే యంత్రంలో, ఎక్కిస్తుంది. ఆర్నెల్ల తర్వాత అతను అదే పాట తన సొంత ఛానెల్లో పెడితే కాపీరైట్ క్లెయిమ్ పడి, వచ్చే పైసలు ఆ ఛానెల్‌కు పోతాయి. అతనిదే కాదు, పక్క మండలంలో ఇంకొకామె తన తల్లి దగ్గర నేర్చుకుని పాడినదానికీ క్లెయిమ్ పడుతుంది. అందరికీ చెందిన పాటను ఒకరి సొత్తుగా కంటెంట్ ఐడీలో పెట్టడం యూట్యూబ్ నియమాలకే విరుద్ధం. డిస్‌ప్యూట్ పెట్టవచ్చు, అవతలివాడు 30 రోజుల్లో జవాబివ్వాలి. కాని ఆ బటన్ నొక్కితే ఛానెల్ పోతుందని భయపెట్టేవాళ్ళే ఎక్కువ. మీరు ఇచ్చింది మీ గొంతుతో చేసిన ఆ ఒక్క రికార్డింగు మాత్రమే, పాట కాదు అని ఒప్పందంలో ఒక్క వాక్యం రాయించుకుంటే ఈ గొడవలో సగం ఉండదు. 2021లో 'లవ్ స్టోరీ' సినిమాలో సారంగదరియా పాట వచ్చినప్పుడు జానపదం ఎవరి సొత్తన్న చర్చే రాష్ట్రమంతా జరిగింది. అంతకుముందు ఆ జానపదాన్ని టీవీలో పాడిన వరంగల్ వైపు గాయని తన మాట వినిపించారు, దర్శకుడు శేఖర్ కమ్ముల స్పందించారు. నలుగురికీ తెలిసిన సినిమా కాబట్టి ఆ మాట వినపడింది. యూట్యూబ్‌లో రోజూ జరిగే తగాదాలకు ఆ భాగ్యం లేదు.

వ్యూస్ అమ్మేవాళ్ళ గురించి ఎక్కువ చెప్పను. లక్ష వ్యూస్ ఇంత అని రేటు కార్డు పంపుతారు. అవి మనుషులు చూసినవి కావు, యంత్రాలు తిప్పినవి. యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయం రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ కావాలి, షార్ట్స్ అయితే వేరే లెక్క. దొంగ వ్యూస్‌ను యూట్యూబ్ వాళ్ళు కనిపెట్టి కొట్టేస్తారు, కొన్నిసార్లు ఛానెల్‌నే మూసేస్తారు. స్పాటిఫైలో అయితే 2024 నుంచి ఏడాదికి 1,000 సార్లయినా వినని పాటకు పైసా రాదు. ఆ వెయ్యి కోసం కంగారుపడి దొంగదారి పట్టినవాడి పాటే ముందు తీసేస్తారు.

ఎయిర్‌పోర్టు పక్క ఊళ్ళవాళ్ళం కాబట్టి ఇంకొకటి చెప్పాలి. విమానం రోజూ నెత్తిమీంచే పోతుంటే, "దుబాయ్‌లో ప్రోగ్రాం, అమెరికాలో తెలుగు సంఘం మీటింగ్, ట్రూప్‌లో ఒక సీటుంది" అంటే మనసు లాగుతుంది. అమెరికాలో పెద్ద తెలుగు సంఘాలు సభలకు కళాకారులను పిలవడం నిజమే. పిలిచినవాళ్ళు టిక్కెట్టు, బస చూస్తారు. డబ్బు తీసుకుని పాడటానికి కళాకారుల వీసా వేరే ఉంది, విజిటింగ్ వీసా మీద అది కుదరదు. ట్రూప్‌లో సీటుకు లక్షలు అడిగి, విజిటింగ్ వీసా చేతిలో పెట్టేవాడు మిమ్మల్ని పాడించడానికి తీసుకుపోవడం లేదు. ముఖ్యంగా ఆడపిల్లలున్న ఇళ్ళవాళ్ళు వినండి: 2018లో చికాగోలో బయటపడ్డ కేసులో, తెలుగు సంఘాల కార్యక్రమాలకు ఆహ్వానం అనే సాకుతోనే సినిమా రంగపు అమ్మాయిలను తీసుకెళ్ళి వ్యభిచారంలోకి దింపారు. ఆహ్వానపత్రం మీద సంఘం పేరుంటే ఆ సంఘానికే నేరుగా ఫోన్ చేసి అడగండి. పత్రం మీదున్న నంబరుకు కాదు, మీరు విడిగా వెతికి పట్టుకున్న నంబరుకు.

మోసపోయినవాళ్ళు పోలీస్ స్టేషన్ మెట్లు ఎక్కకపోవడానికి కారణం డబ్బు తక్కువని కాదు, సిగ్గు. ఊళ్ళో నలుగురికీ "సినిమాల పాట పాడిన" అని చెప్పుకుని ఉంటాడు. ఫిర్యాదు ఇస్తే ఆ పాట లేదని తనే ఒప్పుకున్నట్టవుతుంది. మోసగాడికి మనం ఇచ్చే అతి పెద్ద బహుమానం ఆ మౌనమే. ఇంట్లో పెద్దవాళ్ళకు నాదొక్క మనవి: "నీకెందుకురా పాటలు, చెప్తే విన్నవా?" అనే మాట ఆ పూటకు మింగేయండి. ఆ మాట వస్తుందనే భయంతోనే పిల్లలు మూడో వాయిదా, నాలుగో వాయిదా మీకు తెలియకుండా కడతారు.

ఫోనులో డబ్బు పోయిన గంటల్లోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేస్తే, ఆ సొమ్ము ఇంకా ఏదో ఒక ఖాతాలో ఆగి ఉంటే, అక్కడే ఆపే వీలుంటుంది. రేపు చూద్దాం అనుకుంటే అది చేతులు మారిపోతుంది. బ్యాంకు మెసేజ్, యూపీఐ లావాదేవీ నంబరు, వాట్సాప్ చాట్, వాళ్ళు పంపిన కార్డు ఫొటో, అన్నీ దాచండి. కోపంతో చాట్ డిలీట్ చేసేస్తుంటారు, అది మాత్రం చెయ్యకండి. 2024 జులై 1 నుంచి మోసానికి పాత ఐపీసీ 420 సెక్షన్ బదులు భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ వర్తిస్తుంది, ఏడేళ్ళ దాకా శిక్ష పడవచ్చు. నగదు చేతికిచ్చి ఉంటే రశీదు లేదని వెనకాడక్కర్లేదు, ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ముందు ఇచ్చారో రాసి ఇవ్వండి. కాగితం మీద సంతకం పెట్టి ఉంటే దాని నకలు అడగండి. సంతకం పెట్టినవాడికి నకలు ఇవ్వనంటే, ఆ సంగతి కూడా ఫిర్యాదులో రాయండి. లాయరుకు ఇచ్చుకోలేనివాళ్ళకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్ళకూ, ఎస్సీ ఎస్టీలకూ, ఇంకొన్ని వర్గాలకూ ఆదాయంతో పని లేకుండా, మిగతావాళ్ళకు ఆదాయాన్ని బట్టి, అక్కడ ఉచితంగా లాయరును ఇస్తారు. ఆ నాలుగు పేజీల ఇంగ్లీషు కాగితాన్ని తీసుకుపోయి వాళ్ళ చేత చదివించుకోవచ్చు, సంతకం పెట్టకముందు కూడా.